దీవి కుడిచేతికి ఉండాలి

మా ముత్తాతగారు గోదావరిలో మూడు లంకలకు కామందు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, రెండు లంకలకు కామందు, ఊరికి మునసబు. ఆయన రేవులో కాలు పెడితే బల్లకట్టు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా నాన్నగారి వంతుకు ఒక లంకలో సగం మిగిలింది. అది ఆయన కళ్ళముందే రెండు వరదల్లో కోసుకుపోయింది. తర్వాత ఆయన సహకార సంఘంలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యారు. ఆ గుమాస్తా కుర్చీలో కూడా వీపు ఆనించకుండా కూర్చునేవారు. మేం గోడకు జారగిలబడితే, "గోడ నిలబెడితే నిలబడేవాణ్ణి ఎవడు లెక్కచేస్తాడు?" అని కసిరేవారు.

లంక అంటే నది ఇచ్చిన భూమి. ఇచ్చినట్టే తీసుకుంటుంది. వరద తీశాక చూస్తే ఒక పక్క గట్టు నాలుగు బారలు పోయి ఉంటుంది, ఇంకో పక్క ఆరు బారల మేట పడి ఉంటుంది. రాళ్ళు పాతి హద్దు నిలపడం అక్కడ కుదరదు. అందుకని మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. నీరు తీశాక ఒక మంచిరోజు చూసి, ఇంటికి పెద్దవాడు రేవులో బయల్దేరి లంక అంచు వెంట చుట్టూ నడవాలి. లంక కుడిచేతికి, నీరు ఎడమచేతికి. గుడి చుట్టూ తిరిగినట్టే. అడ్డదారిన పోకూడదు. గట్టు తెగినచోట తెగిన అంచు వెంటే వెళ్ళాలి. మేట పడినచోట ఆ ఒండ్రులో మోకాళ్ళదాకా దిగబడుతూ అయినా వెళ్ళాలి. తిరిగి రేవుకు వచ్చాకనే ఆ ఏటి కౌళ్ళు చెప్పేవారు. దీన్ని మేర తొక్కడం అనేవారు. తొక్కినంత మేరా మాది. మధ్యలో మేర దిగినవాడికి, అంటే అంచు వదిలి లోపలికి పోయినవాడికి, ఆ ఏడు లంక మీద మాట ఉండదు. నా తొమ్మిదో ఏట నాన్నగారు మా సగం లంకను చివరిసారి తొక్కారు. మా అక్కా నేనూ వెనకాలే నడిచాం.

నేను బతకడానికి వచ్చిన ఈ దేశంలో, మెయిన్ అనే రాష్ట్రపు తీరానికి నాలుగు మైళ్ళ అవతల, సముద్రంలో, ముప్పై ఎకరాల అడవి దీవిని ఎందుకు కొన్నావని నన్ను చాలామంది అడిగారు. పార్సిప్పనీ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ నేను పాతికేళ్ళుగా ఉంటున్న అపార్ట్‌మెంట్లలో నాతోపాటు చేరినవాళ్ళందరూ ఇళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయారు. నాకు పెళ్ళి కాలేదు, ఇంటి అవసరం లేదు. మా వంశంలో నీళ్ళ మధ్య భూమి ఎన్నడూ తన చేతికి రాకుండా బతికిన మొదటివాణ్ణి నేను. అలా పోవడం నాకు ఇష్టం లేదు. అడిగినవాళ్ళకు ఇంత చెప్పలేదు. "చేపలు పట్టడానికి" అన్నాను.

డబ్బులో సగం నాది, సగం అక్కది. అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఈ దేశంలోనే దక్షిణాన, ప్లేనోలో ఉంటుంది. ముప్పై మూడేళ్ళు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరయింది. బావగారు పోయి నాలుగేళ్ళయింది. దీవి కాగితాల మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కానీ కొన్న ఐదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా అక్కడ కాలు పెట్టలేదు. నేను ఏటా వేసవిలో ఒక వారం వెళ్ళి, రేవులో ఉన్న రేకు షెడ్డులో పడుకుని వచ్చేవాణ్ణి.

పోయిన వేసవిలో, పక్క దీవి ఉన్న ఆసామి ఒకడు మా దీవిని కొంటానన్నాడు. సెప్టెంబరు నెలాఖరులోగా అవునో కాదో చెప్పమన్నాడు. అక్క అమ్మేద్దామంది. నేను వద్దన్నాను. ఫోన్లో పది రోజులు వాదించుకున్నాం. చివరకు ఆమే అంది:

"నేనొచ్చి చూస్తాను. నువ్వెప్పుడూ చెప్తావు కదా మేర తొక్కడమని, నన్ను దీవి చుట్టూ తిప్పు. అది నీ చేతిలో ఉంటుందని నాకు అనిపిస్తే ఉంచుకుందాం. లేదా, సైన్ చేసేద్దాం. మళ్ళీ మాట మార్చకూడదు."

"మార్చను," అన్నాను.

అలా ఆ దీవి ఉండటమా పోవటమా అన్నది ఒక్క రోజు నడక మీద పెట్టుకున్నాం. నాకు భయం వేయలేదు. చుట్టూ నడిచినా మైలుకు కొంచెం ఎక్కువ.

దీవి ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పాలి. పైనుంచి చూస్తే మామిడి టెంకలా ఉంటుంది, కొన ఉత్తరానికి తిరిగి. దక్షిణాన గులకరాళ్ళ రేవు, పడవ ఆగగలిగింది అక్కడొక్కచోటే. పడమట బురద మేట, అందులో ఆల్చిప్పలు, నీరు తీసినప్పుడు ముక్కు పగిలే వాసన. ఉత్తరాన కొబ్బరికాయలంత గుండ్రటి రాళ్ళు, అలలకు దొర్లి దొర్లి నున్నబడినవి. తూర్పున నిట్టనిలువు రాతిగోడ, ఒక తాడిచెట్టు ఎత్తున సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. దాని అడుగున మనిషి నడవగలిగేంత వెడల్పున ఒక రాతి అరుగు. లోపలంతా సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్లు. గాలికి పడిపోయిన చెట్ల మీద కొత్త చెట్లు మొలిచి, వాటి మీద మళ్ళీ చెట్లు పడి, కొమ్మలకు బూడిదరంగు గడ్డంలాంటి నాచు వేలాడుతూ ఉంటుంది. పగలు కూడా లోపల సందెచీకటే. నేను ఐదేళ్ళలో ఆ అడవిలోకి యాభై అడుగులకు మించి పోలేదు.

ఇంకొకటి చెప్పాలి. అక్కడి సముద్రానికి ఆటుపోట్లు ఎక్కువ. ఆరుగంటల్లో నీరు రెండు నిలువుల ఎత్తు పెరుగుతుంది, మళ్ళీ ఆరుగంటల్లో అంతా తీస్తుంది. మా కాగితాల్లో హద్దు ఆటుగీత అని రాసి ఉంది. అంటే నీరు ఎంతదాకా తీస్తే అంతదాకా మాదే. కొన్నరోజున ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. కనక మేర తొక్కాలంటే ఆటు వేళే తొక్కాలి.

సెప్టెంబరు రెండోవారంలో అక్క వచ్చింది. లాబ్‌స్టర్లు పట్టే ఒక పెద్దాయన తన పడవలో మమ్మల్ని పొద్దున పదిన్నరకు రేవులో దించాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ తీరంలోనే పుట్టి పెరిగినవాడు. నాలుగింటికి మళ్ళీ వస్తానన్నాడు. మేం చుట్టూ నడుస్తామని చెప్పగానే అక్క మోకాలి పట్టీ వైపు చూశాడు.

"ఇవాళ ఆటు పదకొండున్నరకి," అన్నాడు. "తూర్పు గోడ కింద అరుగు తేలి ఉండేది దానికి అటు గంటన్నర, ఇటు గంటన్నర. ముందు తూర్పుకి పోండి. అది దాటారంటే మిగతాదంతా మీ ఇష్టం."

"మేం పడమట నుంచి మొదలుపెడతాం," అన్నాను.

"ఎందుకు?"

"మా పద్ధతి అది."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, తాడు లాక్కున్నాడు. "సరే. దీవి మీది," అన్నాడు.

పడవ వెళ్ళాక అక్క అంది: "ఆయన మాట వింటే నీ సొమ్మేం పోయింది?"

"అప్రదక్షిణంగా తిరగడం మన ఇంట లేదక్కా."

"మన ఇంట ఇప్పుడు చాలా లేవులేరా. పల్లకీ లేదు, దివాణం లేదు. నీకైతే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా సరైనది లేదు." నా కాళ్ళ వైపు చూసింది. "మేర తొక్కేది ఒట్టి కాళ్ళతో కదా. రబ్బరు బూట్లేంటి, దొరగారూ?"

"ఇక్కడి రాళ్ళకు అంటుకుని గుల్లలుంటాయి. కోసేస్తాయి."

"అంటే పద్ధతి నీకు కావలసినచోట వంగుతుందన్నమాట," అంటూ నడక మొదలుపెట్టింది.

పడమటి బురద మేం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. అక్క కర్ర ఊతం మీద నడుస్తోంది. ప్రతి అడుగుకూ బూటు లోపల ఉండిపోతే, నేను వంగి లాగాల్సి వచ్చింది. నవ్వింది, తిట్టింది, మళ్ళీ నవ్వింది. పదకొండున్నరకు మేట చివరి కొనకు చేరాం. అక్కడ రాయి మీద కూర్చుని ఆమె తెచ్చిన పులిహోర తిన్నాం. నీరు అప్పుడే తీయడం ఆపి నిలబడింది. నేను ఒక కర్ర విరిచి, నీటి అంచున పాతి, నీరున్నచోట కత్తితో గంటు పెట్టాను.

మా ఇంట్లో వరద కొలిచే తీరు అది. కర్ర పాతి, అరగంట చూసి, ఎన్ని వేళ్ళు పెరిగిందో లెక్కపెడితే, ఎప్పటికి ఎంత వస్తుందో చెప్పేయొచ్చు. మా తాతగారు అలా చెప్పి పశువుల్ని ముందే పడవలెక్కించేవారట. గోదావరి ఒకే నడకన పెరుగుతుంది.

అరగంటకు నీరు గంటు మీద బెత్తెడు కూడా పెరగలేదు.

"చూశావా?" అన్నాను. "గంటకు రెండు బెత్తెలు వేసుకో. మూడింటికి కూడా మోకాలు దాటదు. ఆయన మనం ముసలాళ్ళమని భయపెట్టాడు."

అక్క కర్రను చూసింది, నన్ను చూసింది. "నువ్వు కోడ్ రాస్తే ఎవరైనా టెస్ట్ చేస్తారా, లేక ఇలాగే పంపించేస్తావా?" అంది. కానీ లేచింది.

ఉత్తరపు రాళ్ళ మీద నడక ఇంకా కష్టమైంది. గుండ్రటి రాయి కాలు పెట్టగానే దొర్లుతుంది. దాని మీద నాచు నూనె రాసినట్టు ఉంటుంది. అక్క రెండు చేతులూ నా భుజం మీద వేసి నడిచింది. ఆమె మోకాలు వాస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. పదడుగులకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చూపించి దానికోసమే ఆగినట్టు నటించింది. ఒకసారి నిజంగానే చూడవలసింది కనిపించింది. ఒడ్డుకు దగ్గరలో రాళ్ళ మీద సీల్ జంతువులు, పది పన్నెండు, పొట్టలు పైకి పెట్టి ఎండలో పడుకుని ఉన్నాయి. వాటిలో ఒకటి తలెత్తి మమ్మల్ని చాలాసేపు చూసింది.

"అదిగో, మన చిన్నాన్న," అంది అక్క. "అచ్చం అలాగే పడుకుని, ఎవరొచ్చినా లేవకుండా తలే ఎత్తేవాడు."

మేం చూస్తుండగానే అవి ఒక్కొక్కటే నీళ్ళలోకి జారాయి. మమ్మల్ని చూసి కాదు. వాటి కిందికి నీళ్ళు వచ్చేశాయి.

అక్క వాచీ చూసింది. "ఒంటిగంట అయింది. ఆయన చెప్పిన గంటన్నర అయిపోయింది."

"ఇంకా చాలా ఉంది," అన్నాను.

"ఇక్కణ్ణుంచి అడవిలోంచి అడ్డంగా రేవుకు పోలేమా?"

"పోలేం." నిజానికి పోగలమో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు. కానీ పోతే నడక అక్కడితో అయిపోతుంది, దీవీ అయిపోతుంది. అది ఇద్దరికీ తెలుసు. అక్క నా భుజం మీద చేయి వేసింది.

తూర్పు గోడ దగ్గరకు వచ్చేసరికి రెండు కావస్తోంది. సముద్రం మీద పొగమంచు కమ్ముకొస్తోంది. ఎండ ఉన్నట్టుండి చల్లారింది. అరుగు మీద అప్పటికే చీలమండల లోతు నీళ్ళు. గోడకు నా తలకన్నా ఎత్తున ఒక నల్లటి చార ఉంది. దాని కింద రాయంతా నాచు, గుల్లలు. దాని పైన పొడిరాయి. పోటునీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ చార చెబుతోంది. నేను దాన్ని చూశాను. అక్క చూడకూడదని ఆమెను గోడవైపు కాకుండా నీళ్ళవైపు నడిపించాను. ఇది నేను చేసిన మొదటి తప్పుడు పని. అంతకు ముందువి పొరపాట్లు.

సగం దూరం పోయేసరికి నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఒక్కో అల వచ్చి గోడకు కొట్టి తిరిగేటప్పుడు కాళ్ళ కింద రాయి కనిపించడం లేదు. నేను లెక్క వేసిన బెత్తెలు ఎక్కడికి పోయాయో నాకు అర్థం కాలేదు. తర్వాత ఆ పెద్దాయన చెప్పాడు. పోటు ఒకే నడకన పెరగదట. తొలిగంటలో నిద్రపోతున్నట్టుంటుంది, మూడో గంటలో, నాలుగో గంటలో పరుగెత్తుతుంది. అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

గోడ మధ్యలో ఒకచోట నిలువునా చీలిక ఉంది. పైనుంచి ఒక స్ప్రూస్ చెట్టు వేళ్ళతో సహా దాంట్లోకి పడి నిచ్చెనలా ఇరుక్కుని ఉంది. సరిగ్గా అక్కడే అక్క జారింది. పడుతూ గోడను పట్టుకుంది. గుల్లలు అరచేతిని కోసేశాయి. లేపి, చీలిక పక్కన ఉన్న ఒక బండ మీద కూర్చోబెట్టాను. ఆమె రక్తం కారుతున్న చేతిని తిప్పి చూసుకుని, "కుట్లు అక్కర్లేదు," అంది. తర్వాత తలెత్తి చెట్టును చూసింది.

"ఒరేయ్, ఇక్కణ్ణుంచి పైకెక్కేద్దాం."

"ఇంకెంతో లేదక్కా. ఆ ముక్కు తిరిగితే రేవే. యాభై గజాలు. నేను వెళ్ళి చూసొస్తాను."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. నువ్వు కదలకు."

గోడ పట్టుకుని ముక్కుదాకా వెళ్ళాను. అక్కడ అరుగు కిందికి వాలి ఉంది. నీళ్ళు తొడలదాకా, అల వచ్చినప్పుడు నడుం దాకా. కానీ ముక్కు తిరగగానే, మంచులోంచి, మా రేవులోని గులకరాళ్ళు కనిపించాయి. షెడ్డు రేకు కనిపించింది. మహా అయితే ఇరవై బారలు. నా ఎత్తుకు, నా ఒంటికి అది దాటలేనిది కాదు. అక్కతో దాటలేనిది.

ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన వచ్చినట్టే రాస్తాను. ఇంటికి మగవాణ్ణి నేను. నేను తొక్కితే తొక్కినట్టే. నేనొక్కణ్ణీ దాటి రేవులో కాలు పెడితే మేర పూర్తవుతుంది. అక్క ఆ చెట్టు పట్టుకుని తనంతట తాను పైకెక్కి అడవిలోంచి వస్తుంది. ఎలాగూ ఆమె ఎక్కుదామనే అంది కదా. తర్వాత దీవి నా చేతిలో లేదని ఎవరూ అనలేరు.

రెండడుగులు వేశాను కూడా. నడుం దాకా దిగాను. అలల మధ్య ఖాళీ చూసి పోదామని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు అలలు లెక్కపెట్టాను.

అక్క పిలవలేదు. పిలిచి ఉంటే విసుగుపుట్టి ముందుకే పోయేవాణ్ణేమో. ఆ పిలవకపోవడమే నన్ను పట్టి లాగింది. నేను ఎక్కడ నిలబడి ఉన్నానో, ఏం లెక్కపెడుతున్నానో అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగాను.

వచ్చేసరికి ఆమె కూర్చున్న బండ కనిపించలేదు. దాని మీద నిలబడి, గోడకు వీపు ఆనించి, తొడలదాకా నీళ్ళలో ఉంది. సంచీ కొట్టుకుపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నాకూ ఆమెకూ మధ్య అరుగు మీద నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఒక అల వెనక్కి పోయేదాకా ఆగి, దూకినట్టు వెళ్ళి ఆమె నడుం పట్టుకున్నాను.

"దారుందా?" అంది.

"లేదు."

"మరి చూస్తావేం? పైకి పద."

చెట్టు కొమ్మలు విరిగి మొనదేలి ఉన్నాయి. ఆమెను ముందు ఎక్కించాను. కింద నుంచి నా భుజం మీద ఆమె పాదం పెట్టించాను. బూటు నిండా నీళ్ళు, కాలు లేవడం లేదు. "వదిలెయ్," అంటూ బూటును తన్ని వదిలేసింది. ఒక అల నా ఛాతీకి కొట్టి, నన్ను చెట్టుకేసి నొక్కింది. ఊపిరి ఆగింది. ఇంకో అల వచ్చేలోగా ఆమె పై కొమ్మను అందుకుంది. ఆ ఎక్కడం ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మధ్యలో ఒకసారి ఆమె ఆగిపోయి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది. నేను ఆమె మడమను పట్టుకుని ఉన్నాను. కింద నేను నిలబడిన చోటు అప్పటికే లేదు.

పైకి చేరి ఇద్దరం నాచు మీద పడ్డాం. నా దవడలు కొట్టుకుంటున్నాయి. అక్క వెంటనే లేచి కూర్చుంది. ఆ లేవడంలో ముప్పై మూడేళ్ళ ఉద్యోగం ఉంది.

"జాకెట్ తీసెయ్. చొక్కా పిండు. పిండి మళ్ళీ వేసుకో. కూర్చోకు, లే. చేతులు చంకల్లో పెట్టుకో. నా పేరేంటో చెప్పు."

చెప్పాను.

"బతుకుతావు. పద."

కానీ బతకడం ఇంకా తేలలేదు. అక్కణ్ణుంచి రేవుకు, గోడ అంచున ఉన్న చీలికలు తప్పించుకుంటూ లోపలినుంచి చుట్టి పోయినా, మూడొందల గజాలు ఉండదు. ఆ మూడొందల గజాల్లో దారి లేదు. పొగమంచు చెట్ల మధ్యకు వచ్చేసింది. పడిపోయిన చెట్ల కిందనుంచి పాకాలి, లేదా మీదనుంచి ఎక్కాలి. నాచు పరుపులా కనిపించినచోట కాలు పెడితే తొడదాకా గొయ్యిలోకి దిగబడుతుంది. నేను ముందు నడవబోయాను. అక్క నా మోచెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు వెనకాల రా. నువ్వు తొందరపడతావు."

ఆమె కర్ర లేదు. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి నా మఫ్లర్ చుట్టి కట్టాను. ఒక్కో చెట్టునూ పట్టుకుని, నాచును చేత్తో నొక్కి చూసి, గట్టిగా ఉంటేనే అడుగు వేసింది. నేను ఆమె అడుగులో అడుగు వేశాను. సముద్రపు చప్పుడు ఎడమ చెవికి వినిపిస్తోందా లేదా అని మాత్రం ఆగినప్పుడల్లా అడిగింది. కొన్నిచోట్ల అది అన్ని వైపుల నుంచీ వినిపించింది. అక్కడ ఆగిపోయి, చలికి వణుకుతూ, అది ఒకవైపుకు తిరిగేదాకా నిలబడ్డాం. వణుకు ఆగిపోతే చెప్పు, ఆగడం మంచిది కాదు అంది. నాకు వణుకు ఆగిపోతోందని అనిపించి, ఆగలేదని అబద్ధం చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, నా చేతుల్ని తీసుకుని తన మెడ కింద పెట్టుకుంది.

ఒకచోట చెట్లు కొంచెం విడిపోయాయి. నేలంతా పచ్చటి నాచు, ఎక్కడా మట్టి కనిపించడం లేదు. రాయీ మొద్దూ అన్నీ ఒకే మెత్తటి ఆకారంలోకి మునిగిపోయి ఉన్నాయి. మధ్యలో ఎర్రటి పుట్టగొడుగులు. కొమ్మల నుంచి గడ్డంలా వేలాడే నాచు మీద మంచు చుక్కలు. అలల చప్పుడు కూడా అక్కడికి రాలేదు. అంత కష్టంలోనూ అక్క ఆగిపోయింది.

"ఇదంతా మనదేనా?"

"మనదే."

"ఐదేళ్ళనుంచీ ఇది నువ్వు చూడలేదా?"

"లేదు. నేను అంచులే చూసుకున్నాను."

అక్క వంగి తెగిన అరచేతిని ఆ నాచు మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నడిచింది.

పడవ హారన్ వినిపించింది. పెద్దాయన మాకోసం మంచులో వదలకుండా మోగిస్తున్నాడు. దాన్ని పట్టుకుని నడిచాం. రేవు పై గట్టు మీద చెట్ల మధ్యనుంచి మేం బయటపడేసరికి నాలుగుంపావు. మేం వచ్చిన తీరు చూసి ఆయన పడవలో ఉన్న దుప్పట్లన్నీ మా మీద వేసి, ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి అక్క చేతికిచ్చాడు. ఆమె చేతులు ఊగి సగం ఒలికింది. ఆయన మూత పట్టుకుని తాగించాడు.

తీరం సగం దూరంలో ఉండగా అక్క దుప్పటిలోంచి ముఖం బయటపెట్టింది.

"ఒరేయ్."

"ఊఁ."

"అమ్మొద్దులే. వాడికి నో చెప్పేయ్."

"నిజంగానే అంటున్నా. నాకు ఆ లోపల నచ్చింది. వచ్చే సమ్మర్‌లో మా పిల్లల్ని తీసుకొస్తా. నువ్వు మాత్రం ఒక్కడివే రాకు, అంతే కండిషన్."

"అమ్మేద్దామక్కా," అన్నాను.

"మేర దిగామనా? నేను దిగమన్నాను కదా. ఆ పాపమేదో నా మీద రాసుకో. పెద్దదాన్ని నేను."

"అందుకు కాదు."

ఇంజిన్ చప్పుడులో పెద్దాయనకు మా మాటలు వినిపించవు, వినిపించినా తెలియవు. అయినా అక్క గొంతు తగ్గించింది.

"ఆ ముక్కు దగ్గర అంతసేపు ఏం చేశావురా?"

"దారి చూశాను."

ఆస్పత్రి మంచాల పక్కన నిలబడి ఇలాంటి జవాబులు ఆమె ఎన్నో విని ఉంటుంది. మళ్ళీ అడగలేదు. దుప్పటి చివర నా మోకాళ్ళ మీదికి లాగి, తల తిప్పుకుని, దీవి మంచులో ఉన్న వైపు చూస్తూ కూర్చుంది. నేను నిటారుగానే కూర్చోవాలని చూశాను. ఒళ్ళు నిలవలేదు.

ఆ తర్వాత రెండు వారాల్లో ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసి ఇంకొకసారి ఆలోచించమంది. నాలుగుసార్లూ అమ్మేద్దామనే చెప్పాను. కారణం అడిగితే, అంత దూరం, అంత చలి, నా వల్ల కాదన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఐదోసారి అడగలేదు, తన కాగితాలు తెచ్చుకుని వచ్చింది.

అక్టోబరులో ఒక లాయరు ఆఫీసులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని సంతకాలు చేశాం. ముప్పై ఎకరాల అడవి, ఆటుగీత దాకా ఉన్న ఒడ్డు, రేకు షెడ్డు, అందులోని ఇనుప పొయ్యి, నేను కొట్టి పేర్చిన కట్టెలతో సహా పక్క దీవి ఆసామికి అమ్మేశాం.